గిద్యోను డౌట్లు: "నా వల్ల కాదు" అన్నవాడికి దేవుడు ఇచ్చిన జవాబులు

దేవుని పిలుపు అనే టాపిక్ మీద మన చర్చిల్లో మెసేజ్ వచ్చిందంటే ఎక్కువగా ముగ్గురి పేర్లే వినపడతాయి, మోషే, యిర్మీయా, గిద్యోను. ముగ్గురూ పిలవగానే ఎగిరి గంతేసినోళ్ళు కాదు. మోషే నాకు మాట్లాడటం సరిగ్గా రాదన్నాడు, యిర్మీయా నేను చిన్నపిల్లాణ్ణన్నాడు, గిద్యోను మా కుటుంబమే లెక్కలో లేనిది అందులో నేను అందరికంటే చిన్నోణ్ణి అన్నాడు. అక్కణ్ణుంచి మెసేజ్ ఎటు పోతుందో కూడా మనకి తెలుసు, నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు, దేవుడు నిన్ను బలాఢ్యుడిగా చూస్తున్నాడు, చప్పట్లు, హల్లెలూయ. వినేటప్పుడు బాగానే ఉంటుంది, సోమవారం పొద్దున్నకి మళ్ళీ అదే భయం.

ఎందుకలా అవుతుందో బైబిల్లో న్యాయాధిపతులు 6, 7, 8 అధ్యాయాలు ఆపకుండా వరసగా చదివితే కొంత తెలుస్తుంది. గిద్యోనుకి ఉన్న డౌట్ ఒక్కటి కాదు. దేవుడి మీద డౌట్, తన మీద డౌట్, మాట్లాడుతున్నది నిజంగా దేవుడేనా అని డౌట్, ఊళ్ళో జనం ఏం చేస్తారో అని భయం, చివరికి శత్రువుని కళ్ళారా చూశాక వచ్చే మామూలు ప్రాణభయం, ఇవన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మనం వీటన్నిటినీ కలిపేసి "కాన్ఫిడెన్స్ లేదు" అని ఒకే పేరు పెట్టేస్తాం, ఒకే మందు వేస్తాం.

ముందు పరిస్థితి చూడండి. ఏడేళ్ళుగా ఇశ్రాయేలీయుల మీద మిద్యానీయుల దోపిడీ నడుస్తోంది. వీళ్ళు కోటలు కట్టి పన్నులు వసూలు చేసే రకం కాదు, తూర్పు వైపు నుంచి ఒంటెలేసుకుని అమాలేకీయుల్ని కూడా వెంటబెట్టుకుని సరిగ్గా పంట టైముకి దిగేవాళ్ళు, గాజా దాకా పోయి పైరంతా పాడుచేసి గొర్రె, ఎద్దు, గాడిద ఏదీ మిగల్చకుండా పోయేవాళ్ళు. విత్తేది ఇశ్రాయేలీయులు, తినేది మిద్యానీయులు. జనం కొండల్లో గుహలు చూసుకుని దాక్కుంటున్నారు. అలాంటి టైములో గిద్యోను గానుగ చాటున గోధుమలు దుళ్ళగొడుతున్నాడు అని రాసుంటుంది. పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఈ ముక్క దగ్గర తేడా కొట్టాలి. కళ్ళం ఎక్కడ చేస్తాం? గాలి బాగా తగిలే మెరక మీద, ఎందుకంటే నూర్చాక తూర్పారబట్టాలంటే గాలి కావాలి. ద్రాక్షలు తొక్కే గానుగ అంటే రాతిలో తొలిచిన తొట్టి లాంటిది, అందులో గాలాడదు, ఎద్దుల్ని తిప్పడానికి చోటుండదు, కర్ర పట్టుకుని గుప్పెడు గుప్పెడు కొట్టుకోవాలి, పొట్టంతా మొహం మీదకే వస్తుంది. సొంత చేలో పండిన గింజల్ని దొంగసొమ్ములా దాచుకునే బతుకు అది.

అక్కడికొచ్చి దేవుని దూత "పరాక్రమముగల బలాఢ్యుడా, యెహోవా నీకు తోడై యున్నాడు" అంటాడు. అందరూ ఈ బలాఢ్యుడా అన్న పిలుపు మీదే గంటసేపు చెప్తారు గానీ గిద్యోను మాత్రం దాన్ని అసలు పట్టించుకోలేదు. తోడై ఉన్నాడు అన్న మాటని పట్టుకున్నాడు. తోడుంటే మాకిదంతా ఎందుకు జరిగింది, ఐగుప్తు నుంచి తీసుకొచ్చాడని మా పెద్దోళ్ళు కథలు కథలుగా చెప్పిన ఆ అద్భుతాలు ఏమైపోయినయ్, మమ్మల్ని వదిలేశాడు అంతే, అని మొహం మీదే అనేశాడు. అంటే మొదటి డౌట్ తన మీద కాదు, దేవుడి మీద. మనలో చాలామందికి కూడా అసలు మెలిక ఇక్కడే ఉంటుంది. ఇంట్లో జబ్బు, అప్పు, ఏళ్ళ తరబడి చేసిన ప్రార్థనకి జవాబు లేదు, లోపల దేవుడి మీద ఒక అలక ఉంటుంది, దాన్ని పైకి అనడానికి భయమేసి "నాకంత టాలెంట్ లేదులే బ్రదర్" అని చెప్పి తప్పించుకుంటాం. గిద్యోను అలా చుట్టూ తిప్పలేదు, డైరెక్ట్‌గా అడిగేశాడు.

దానికి దేవుడు ఎక్స్‌ప్లనేషన్ ఇవ్వలేదు (ఎందుకిలా అయ్యిందో అంతకుముందే ఒక ప్రవక్తని పంపి చెప్పించాడు, 6వ అధ్యాయంలోనే ఉంది, చాలామంది ఆ మూడు నాలుగు వచనాలు దాటేసి నేరుగా గానుగ దగ్గరికొచ్చేస్తారు). కోప్పడలేదు కూడా. నువ్వే వెళ్ళి ఇశ్రాయేలీయుల్ని రక్షించు, నిన్ను పంపేది నేనే అన్నాడు. కంప్లైంట్ ఇచ్చినోడికే డ్యూటీ వేశాడన్నమాట. పిలుపులు చాలావరకు ఇలాగే మొదలవుతాయని నాకనిపిస్తుంది, పేటలో పిల్లల్ని ఎవరూ పట్టించుకోవట్లేదని పదిసార్లు బాధపడిన ఆవిడకే చివరికి సండే స్కూల్ అప్పజెప్తారు.

ఇప్పుడొచ్చింది తన మీద డౌట్. మనష్షే గోత్రంలో మా కుటుంబం ఎన్నికలేనిది, మా ఇంట్లో నేను కనిష్ఠుణ్ణి. ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూద్దాం. ఆ రాత్రే ఈయన తన పనివాళ్ళలో పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళాడని రాసుంది. వాళ్ళ నాన్న యోవాషుకి ఎద్దులున్నాయి, ఊరందరూ మొక్కే బయలు అనే వేరే దేవుడి బలిపీఠం ఆయనదే. అంత కరువులో ఒక మేకపిల్లని, ఒక తూమెడు పిండితో చేసిన రొట్టెల్ని అతిథి ముందు పెట్టగలిగారు, ఆ పిండి మన లెక్కలో ఇరవై లీటర్ల డబ్బా నిండా వస్తుంది. మరీ లెక్కలో లేని కుటుంబమా ఇది? గిద్యోను అబద్ధం చెప్తున్నాడని కాదు, ఏడేళ్ళు గుహల్లో బతికిన మనిషికి తన ఇల్లు అలాగే కనపడుతుంది. మనం మన గురించి చెప్పుకునే "నేనెంత" అన్న లెక్క కూడా ఎప్పుడూ కరెక్ట్‌గా ఉండదు, ఆ రోజు మనసు ఎలా ఉంటే అలా వస్తుంది.

మామూలుగా ఫ్రెండ్స్ అయితే ఇక్కడ ఏం చేస్తారు, అదేంట్రా మీ నాన్న ఎంత పెద్ద మనిషి, నీకేం తక్కువ అని లెక్క సరిచేస్తారు. దేవుడు ఆ పని చెయ్యలేదు, చెయ్యొచ్చు కూడా, ఆధారాలు ఉన్నాయి కదా. "నేను నీకు తోడై ఉంటాను, మిద్యానీయుల్ని ఒక్క మనిషిని కొట్టినట్టు కొడతావు" అన్నాడు. మోషే "ఫరో దగ్గరికి వెళ్ళడానికి నేనెంతటివాణ్ణి" అన్నప్పుడు కూడా జవాబు ఇదే, నువ్వు ఇంతటివాడివి అని చెప్పలేదు, నేను తోడుంటాను అన్నాడు, పైగా గుర్తు ఏంటంటే మీరు బయటికొచ్చాక ఇదే కొండ మీద నన్ను సేవిస్తారు అన్నాడు. అంటే పని అయిపోయాక కనపడే గుర్తు! ముందు ప్రూఫ్ చూపించు తర్వాత బయల్దేరతా అనేవాళ్ళకి ఇది చాలా ఇబ్బందైన జవాబు.

ఇక్కడే నేను మోటివేషనల్ టైపు మెసేజ్‌లతో ఒప్పుకోలేను. "నా వల్ల కాదు" అన్న మాట గిద్యోను విషయంలో తప్పు కాదు, పచ్చి నిజం. తర్వాత తెలుస్తుంది, అవతలి వైపు ఉన్నది లక్షా 35 వేల మంది అని. ఒక రైతు కొడుకు వల్ల అయ్యే పని కాదది. నిజం చెప్తున్న మనిషిని పట్టుకుని నీ వల్ల అవుతుంది అవుతుంది అని ఊదరగొడితే వాడు లోపల నమ్మడు, బయటికి మాత్రం ఆమెన్ అంటాడు. "నా వల్ల కాదు" దాకా సరే, "కాబట్టి నేను వెళ్ళను" అన్న రెండో ముక్క దగ్గరే గొడవ. దేవుడు మొదటి ముక్కని అలాగే ఉంచేసి రెండోదాన్ని మార్చాడు.

మరి ఇన్ని డౌట్లు అడిగితే దేవుడికి కోపం రాదా అంటే, ఎక్కడ వస్తుందో మోషే దగ్గర చూడొచ్చు. నేనెవర్ని, నీ పేరేంటని చెప్పాలి, వాళ్ళు నమ్మకపోతే ఎలా, నా నోరు తిరగదు, ఈ నాలుగింటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు, కర్ర పాము అయ్యింది, చెయ్యి కుష్ఠు పట్టి మళ్ళీ బాగయ్యింది. ఐదోసారి మోషే దగ్గర కారణం అయిపోయింది, "ఇంకెవర్నైనా పంపు ప్రభువా" అన్నాడు. అక్కడ వచ్చింది కోపం. చేతకాదు అన్నంతసేపు రాలేదు, ఇష్టం లేదు అన్నాక వచ్చింది. అప్పుడు కూడా పనిలోంచి తీసెయ్యలేదు, మీ అన్న అహరోను ఇప్పటికే నీకెదురు వస్తున్నాడు అన్నాడు.

మళ్ళీ గిద్యోను దగ్గరికొద్దాం. నాతో మాట్లాడేది నువ్వేనని ఒక గుర్తు చూపించు అన్నాడు, వండి తెచ్చిన మాంసం, రొట్టెలు రాతి మీద పెట్టించి దూత కర్ర చివర తాకించగానే రాతిలోంచి నిప్పు వచ్చి మొత్తం కాల్చేసింది. అంత సూచన చూశాక ధైర్యం రావాలి కదా? వెంటనే వచ్చింది ఇంకో భయం, అయ్యో దూతని ముఖాముఖిగా చూసేశాను చచ్చిపోతానేమో అని. నీకు సమాధానం, భయపడకు, చావవు అని చెప్పాల్సి వచ్చింది. పెద్ద అద్భుతం జరిగితే నా భయం పోతుంది అనుకునేవాళ్ళు ఈ రెండు వచనాలు చదవాలి.

యుద్ధం కంటే ముందు ఇల్లు

నా దృష్టిలో ఈ కథలో కీలకమైన రాత్రి మిద్యానీయుల మీద పడ్డ రాత్రి కాదు, అంతకంటే ముందు సొంతూళ్ళో గడిచిన రాత్రి. దేవుడు ఇచ్చిన మొదటి పని లక్ష మందితో యుద్ధం కాదు. మీ నాన్న బయలు బలిపీఠం పడగొట్టు, దాని పక్కనున్న దేవతాస్తంభం నరికెయ్, ఆ కట్టెలతోనే ఏడేళ్ళ ఎద్దుని నాకు బలివ్వు. సైజులో చిన్న పని, కష్టంలో మాత్రం కాదు. మిద్యానీయుడు తెలియనోడు, వాణ్ణి ఎదిరిస్తే హీరో అంటారు. నాన్నని, బాబాయిల్ని, పొద్దున లేస్తే మొహమొహాలు చూసుకునే ఊరోళ్ళని ఎదిరించడం వేరు. మన దగ్గర కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళని అడగండి, లేదా మంచి ఉద్యోగం మానేసి సేవకి వెళ్తానని ఇంట్లో చెప్పినవాళ్ళని అడగండి, దేనికి ఎక్కువ వణికారో చెప్తారు.

గిద్యోను పగలు చెయ్యడానికి భయపడి రాత్రి చేశాడు అని బైబిల్ ఏమీ దాచకుండా రాసింది. తండ్రి ఇంటివాళ్ళకి భయం, ఊరివాళ్ళకి భయం. కొందరు ప్రసంగీకులు ఇక్కడ గిద్యోనుని కాస్త చిన్నచూపు చూస్తారు, చూడండి పిరికితనం అని. వాక్యంలో ఆ మందలింపు నాకెక్కడా కనపడదు. ఏ రాత్రి చెప్పాడో ఆ రాత్రే అయ్యింది, భయంతో అయ్యింది, కానీ అయ్యింది. భయం పోయాక చేద్దాం అని కూర్చుని ఉంటే ఆ బలిపీఠం ఇంకో ఏడేళ్ళు అలాగే ఉండేది.

పొద్దున్నే ఊరు ఊరంతా వచ్చి నీ కొడుకుని బయటికి పంపు చంపేస్తాం అన్నారు. గిద్యోను ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. మాట్లాడింది యోవాషు, ఎవరి బలిపీఠం కూలిందో ఆయనే! బయలు పక్షాన మీరు వాదిస్తారా, వాడు దేవుడైతే తన బలిపీఠం కూల్చినోడితో తనే చూసుకుంటాడు అన్నాడు. ఏ నాన్నకి భయపడి రాత్రిపూట చేశాడో ఆ నాన్నే పొద్దున అడ్డం నిలబడ్డాడు. ప్రతి ఇంట్లో ఇలా జరుగుతుందని చెప్పను, జరగని ఇళ్ళు చాలానే ఉన్నాయి. కానీ మనం ఊహించుకున్న వ్యతిరేకత, నిజంగా వచ్చే వ్యతిరేకత రెండూ ఒకటే ఉండవు, అది తెలియాలంటే పని చేసి చూడాల్సిందే.

ఉన్ని సంగతి

ఇక అందరూ అడిగేది గిద్యోను దేవుణ్ణి గుర్తు అడగడానికి రాత్రి నేల మీద పెట్టిన గొర్రె ఉన్ని గురించి. మన విశ్వాసుల్లో "గిద్యోనులాగా ఉన్ని పెట్టాను" అనే మాట బాగా వాడుకలో ఉంది. ఈ సంబంధం దేవుని చిత్తమైతే రేపు సాయంత్రం లోపు వాళ్ళ ఫోన్ రావాలి, సేవకి వెళ్ళడం చిత్తమైతే ఈ నెల్లో ఫలానా డబ్బు అందాలి, లేదా కళ్ళు మూసుకుని బైబిల్ తెరిస్తే ఎక్కడ వేలు పడితే అదే జవాబు.

వరస చూడండి. ఉన్ని వచ్చేసరికి పిలుపు వచ్చేసింది, నిప్పు వచ్చేసింది, బలిపీఠం కూల్చేశాడు, యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చింది, బూర ఊదాడు, మనష్షే, ఆషేరు, జెబూలూను, నఫ్తాలి వాళ్ళంతా వచ్చి చేరారు. అప్పుడు అడుగుతున్నాడు ఉన్ని మీద మంచు, నేల పొడి అని. అడిగేటప్పుడు కూడా "నువ్వు చెప్పినట్టే నా చేత ఇశ్రాయేలుని రక్షిస్తావని" అంటున్నాడు, అంటే దేవుడు ఏం చెప్పాడో తెలుసు, అందులో కన్‌ఫ్యూజన్ లేదు. ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి పెట్టిన టెస్ట్ కాదు అది, తెలిసిన పని చెయ్యడానికి వణుకుతూ మళ్ళీ ఒక్కసారి చెప్పవా అని అడగడం. కాబట్టి పెళ్ళి సంబంధానికి, సైట్ కొనడానికి దీన్ని ఫార్ములాగా వాడటం ఈ కథకి పొసగదు.

మొదటి రాత్రి ఉన్ని పిండితే గిన్నెడు నీళ్ళొచ్చినయ్. దాంతో ఆగొచ్చు కదా, ఆగలేదు, ఉన్ని ఎలాగూ మంచు పీలుస్తుంది కదా అని ఆలోచించినట్టున్నాడు, రెండో రాత్రి రివర్స్ అడిగాడు, నేలంతా తడి, ఉన్ని పొడి. కోప్పడకు అని ముందే బతిమాలుకున్నాడు, అంటే ఇది ఎక్కువ అడగడమే అని తనకీ తెలుసు. దేవుడు అది కూడా చేశాడు. ఉన్ని పెట్టమని దేవుడు చెప్పలేదు, పెట్టినందుకు తిట్టనూ లేదు.

ఆ తర్వాత జరిగింది చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. 32 వేల మంది హరోదు బావి దగ్గర దిగారు, అప్పటికే అటు నలుగురుంటే ఇటు ఒక్కడు. దేవుడు మీరు ఎక్కువైపోయారు అన్నాడు, మా బాహుబలంతో గెలిచామని చెప్పుకుంటారు అన్నాడు. భయపడేవాళ్ళు పోవచ్చు అనగానే 22 వేల మంది వెళ్ళిపోయారు. మిగిలిన 10 వేలని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, చేత్తో తీసుకుని గతికినోళ్ళు 300 మందిని ఉంచాడు. ఈ 300 మంది అలర్ట్‌గా ఉన్న కమాండోల్లాంటోళ్ళు అని చాలాచోట్ల చెప్తారు, వాక్యంలో ఆ కారణం లేదు, ఉన్న కారణం ఒక్కటే, తక్కువమంది కావాలి. ఇప్పుడు లెక్క ఒక్కడికి 450 మంది. కాన్ఫిడెన్స్ పెంచే కోచింగ్ అయితే బలం పెంచుకుంటూ పోవాలి, ఇక్కడ ఉన్న ఆసరాలన్నీ ఒక్కోటి తీసేస్తున్నాడు.

అలా తీసేసి, ఆ రాత్రి దేవుడే తనంతట తాను అన్న మాట ఇది, దండు మీదికి వెళ్ళు, "వెళ్ళడానికి భయమైతే" నీ పనివాడు పూరాని తీసుకుని దిగి వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో విను. గిద్యోను అడగలేదు. ఉన్ని రెండుసార్లు చూపించినా వీడికి ఇంకా భయమేనని తెలిసి ముందే దారి పెట్టాడు. గిద్యోను ఏమీ బింకానికి పోలేదు, పూరాని వెంటబెట్టుకుని దిగాడు, అంటే భయమే. గుడారం దగ్గర ఒక సైనికుడు తన కల ఇంకొకడికి చెప్తున్నాడు, ఒక యవల రొట్టె దొర్లుకుంటూ వచ్చి గుడారాన్ని తగిలి తలకిందులు చేసిందట. యవల రొట్టె అప్పట్లో పేదోళ్ళ తిండి. రెండోవాడు వెంటనే అది గిద్యోను కత్తే అన్నాడు. గానుగ చాటున దాక్కున్న మనిషి పేరు చెప్పుకుని అవతల లక్ష మందిలో ఎవడికో నిద్ర పట్టట్లేదు. గిద్యోను అక్కడికక్కడే నమస్కారం చేశాడు. ఇక డౌట్ అడగలేదు. బూర ఒక చేతిలో, దివిటీ ఇంకో చేతిలో, కత్తి పట్టుకోవడానికి చెయ్యే ఖాళీ లేకుండా ఆ 300 మంది నిలబడిన చోటే నిలబడ్డారు, దండులో వాళ్ళని వాళ్ళే నరుక్కున్నారు.

డౌట్ పోయాక

సాధారణంగా మెసేజ్ ఇక్కడ ఆగిపోతుంది. 8వ అధ్యాయం మీద ప్రసంగం ఎంతమంది విన్నారో నాకు అనుమానమే. అందులో దేవుడు గిద్యోనుతో మాట్లాడినట్టు ఒక్క మాట లేదు, గిద్యోను అడిగినట్టూ లేదు. శత్రువుని తరిమేటప్పుడు తన మనుషులకి రొట్టెలివ్వని సుక్కోతు ఊరి పెద్దల్ని ముళ్ళకంపలతో శిక్షించాడు, పెనూయేలు గోపురం పడగొట్టి ఊళ్ళో మగాళ్ళని చంపాడు, తన పెద్దకొడుకు యెతెరుకి పట్టుబడ్డ మిద్యాను రాజుల్ని చంపమని చెప్పాడు, ఆ పిల్లాడు చిన్నోడు, భయపడి కత్తి దూయలేదు. అన్నిసార్లు భయపడి అన్నిసార్లు ఓపిక పొందిన మనిషి తన కొడుకుకి ఇచ్చిన మొదటి పరీక్ష అది.

జనం రాజువి కమ్మంటే వద్దు యెహోవాయే మిమ్మల్ని ఏలతాడు అని మంచి మాటే అన్నాడు. తర్వాత దోపుడుసొమ్ములో పోగులు అడిగి 1,700 తులాల బంగారం, అప్పటి తులం లెక్కన ఇప్పటి 19, 20 కేజీల మధ్య, పోగేసి ఏఫోదు చేయించి తన ఊరు ఓఫ్రాలో పెట్టాడు. ఏఫోదు యాజకుడి వస్త్రం, దేవుడి దగ్గర విచారణ చేసేటప్పుడు వాడేది. నాకనిపించేది ఏంటంటే ఇది ఉన్నికి శాశ్వత రూపం, ప్రతిసారీ తడి పొడి అడగక్కర్లేకుండా ఇంట్లోనే ఒక సూచన యంత్రం. ఇది నా ఊహ, వాక్యం కారణం చెప్పలేదు. ఫలితం మాత్రం చెప్పింది, ఏ ఊళ్ళో బయలు బలిపీఠం కూల్చాడో అదే ఊళ్ళో జనం దీని వెంట పడ్డారు, గిద్యోనుకి, అతని ఇంటికి అది ఉచ్చు అయ్యింది. ఇంత జరిగినా హెబ్రీ 11లో విశ్వాసవీరుల లిస్టులో పేరుంది.

చివరగా ఒక ప్రశ్న మిగిలుంది, అసలు నాది పిలుపు కాదేమో, భయం వేస్తుందంటే వెళ్ళిపొమ్మనే అర్థమేమో అని. ఆ వెళ్ళిపోయిన 22 వేల మందిని చూడండి. భయపడేవాడు ఇంటికి పోవచ్చు అని ద్వితీయోపదేశకాండం 20లోనే రూల్ ఉంది, వాళ్ళు ఆ రూల్ ప్రకారమే పోయారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే రూల్ తనకీ వర్తించేలా భయపడుతున్న గిద్యోను మాత్రం ఉండిపోయాడు, ఎందుకంటే అతనికి పేరు పెట్టి చెప్పబడింది, వాళ్ళకి చెప్పబడలేదు. భయం ఇద్దరికీ ఒకటే కాబట్టి దాన్ని బట్టి పిలుపుందో లేదో తేల్చలేం. ఇంకో సంగతి, మిద్యానీయులు పారిపోవడం మొదలయ్యాక నఫ్తాలి, ఆషేరు, మనష్షే నుంచి మళ్ళీ మనుషులు వచ్చి తరిమారని 7వ అధ్యాయం చివర ఉంది. అంతకుముందు భయపడి ఇంటిదారి పట్టినోళ్ళు కూడా వాళ్ళలో ఉండే ఉంటారు.